పోట్లాడినవాళ్ళ సంతకాలు

డెబ్బై ఒకటో రోజు

ఈ ఉదయం లేచేసరికి నా సిరాబుడ్డి బల్ల మీద రెండు వేళ్ళ మేర తూర్పుకు జరిగి ఉంది. పక్కింటివాళ్ళు మంచినీళ్ళ డ్రమ్ములు ఇటువైపుకు దొర్లించి ఉంటారు. ఒకదానికొకటి కట్టిన తెప్పల మీది ఊరు మా గవ్వలంక; ఇక్కడ ఒకరింట్లో బరువు కదిలితే పదిళ్ళలో గిన్నెలు కదులుతాయి. బుడ్డి కింద మడిచిన కాగితం పెట్టి ఈ పుస్తకం మొదలుపెట్టాను.

ఇది ఏడుతెప్పల ఊరివాళ్ళు పంపిన పుస్తకం. అక్కడ న్యాయవాదిగా లైసెన్సు కావాలంటే దరఖాస్తు పెట్టిన రోజు నుంచి మొదటి కేసు ముగిసేదాకా రోజుపుస్తకం రాయాలి. నిబంధనలు అట్ట లోపల అచ్చువేశారు. సిరాతో రాయాలి. కొట్టివేతలు ఉండకూడదు. అబద్ధం ఉండకూడదు. చివరి పేజీలో ఒక గడి ఉంది. దాన్ని ఆఖరున నింపాలట.

పైన వేసిన రోజుల లెక్క నాది కాదు. కొల్లాటి నూకరత్నం గారి తెప్పది.

తుపాను వచ్చినప్పుడు అందర్నీ బడి తెప్ప మీదికి చేర్చారు. తెల్లారి చూస్తే నూకరత్నం గారి తెప్ప తాళ్ళు తెంచుకుపోయింది. ఆవిడ ఇల్లూ అదే, పీతల బోనులూ దాని కిందే. అరవయ్యో రోజున ఎండుచేపలు అమ్మే మనిషి దాన్ని ఏడుతెప్పల రేవులో చూసింది. నీలం తలుపు, తలుపు మీద తెల్లరంగు పీత బొమ్మ. నూకరత్నం గారు వెళితే ఎక్కనివ్వలేదు. కొట్టుకొచ్చిన తెప్ప కోసం తొంభై రోజుల్లోగా ఎవరూ సభలో నిలబడి అడక్కపోతే అది ఊరి ఉమ్మడి ఆస్తి అవుతుందని అక్కడి చట్టం. తొంభయ్యో రోజున సభ ఉంది. అదే ఆఖరు.

ఆవిడ ఆ ఊరి మనిషి కాదు కాబట్టి సభలో నోరు విప్పకూడదు. ఆ ఊళ్ళో తొమ్మండుగురు వకీళ్ళున్నారు. తెప్ప ఊరిదైతే అందులో వాళ్ళకూ వాటా వస్తుంది, కాబట్టి ఆ తొమ్మండుగురూ ఆవిడ తరఫున నిలబడకూడదు. బయటి ఊరి వకీలే కావాలి. ఆ వకీలుకు అక్కడి లైసెన్సు కావాలి.

మా సీనియర్ గారు ఫైలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. "నువ్వు పరీక్షలు రాస్తావుగా, ఆగ్నెస్" అన్నారు. నేను బదులు చెప్పలేదు. బదులు చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని ఆయనకు తెలుసు.

మధ్యాహ్నం నూకరత్నం గారి చెల్లెలి తెప్పకు వెళ్ళి వాంగ్మూలం తీసుకున్నాను. పోయిన తెప్పను మొదటి ముప్పై రోజుల్లో వెతకనివాళ్ళు దాన్ని వదిలేసుకున్నట్టేనని మరో నిబంధన ఉంది. వెతికారా అని అడిగాను.

"ఇరవై అయిదో రోజున ఎతికాను లాయరమ్మా" అన్నారు, వల అల్లుతూ.

రాసుకున్నాను.

డెబ్బై రెండో రోజు

ఏడుతెప్పలు ఇక్కడికి పదకొండు కిలోమీటర్లు. పొద్దున్న ఎనిమిదిన్నర బోటు. బోటు నడిపేది రూతు. కాన్వెంటులో పన్నెండో తరగతి దాకా నా పక్క బెంచీ. టిక్కెట్టు చించి ఇస్తుంది కానీ మొహం చూడదు. రోజూ చాలామందిని చూస్తుంది, గుర్తులేదేమో అనుకుంటాను.

లైసెన్సుల రిజిస్ట్రార్ దొరబాబు గారు అల్లం టీ తాగుతున్నారు. "ఆయ్, కూర్చోండి" అన్నారు. నా కాగితాలన్నీ చూశారు. డిగ్రీ సరిపోయింది. గవ్వలంక బార్ నుంచి మంచి నడవడి ఉత్తరం సరిపోయింది. స్థానిక చట్టాల మీద నలభై ప్రశ్నల పరీక్ష ఎల్లుండి కాక ఆ మర్నాడు.

"ఈ ఒక్క కేసుకే అనుమతి ఇవ్వడం లేదాండీ? ఉప్పురేవు ఊళ్ళో ఇస్తారు" అని అడిగాను. ఇది అడగడానికి బోటులో వాక్యం తయారుచేసుకున్నాను.

"ఇచ్చేవాళ్ళమండి. ఒకాయన ఒక్క కేసుకని వచ్చి పదకొండేళ్ళు ఉన్నాడు. తీసేశాం."

"గవ్వలంక లైసెన్సు ఉన్నవాళ్ళకి ఉప్పురేవులో అయిదేళ్ళ తరవాత పరీక్ష లేకుండానే..."

"ఉప్పురేవు వేరండి. అక్కడ నమ్మకస్తులు." టీ గ్లాసు పక్కన పెట్టి ఒక పత్రం నా ముందుకు తోశారు. మూడు ప్రతులు. పైన 'నడవడి సాక్ష్యం' అని ఉంది. కింద ఒకే ప్రశ్న: పోట్లాటలో ఈ మనిషి ఏం చేయలేదు?

రెండుసార్లు చదివాను.

"మీ గురించి మంచిగా చెప్పేవాళ్ళని ఎవరైనా తేగలరండి" అన్నారు దొరబాబు గారు. "మాకు పోట్లాడినవాళ్ళు కావాలి. ముగ్గురు. బంధువులు పనికిరారు. తోటి వకీళ్ళు పనికిరారు, వాళ్ళకది వృత్తి. మీకు లైసెన్సు వస్తే లాభపడేవాళ్ళు పనికిరారు."

"నేను ఎవరితోనూ పోట్లాడలేదండి."

"ఒక్కరితో కూడానా?"

"లేదండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని నన్ను చూశారు. "మరి వకీలెలా అయ్యారండి?"

పరీక్ష రాసి అయ్యానని చెప్పాను.

"చట్టం ఏంటో సభలో పెట్టిన చట్టం డబ్బా పైకి చదివి చెప్తుందండి, ఎవరడిగినా. మనిషి తరఫున మాట్లాడేవాడు కోపంలో ఎలా ఉంటాడో డబ్బా చెప్పదు. అదే మా బాధ."

"పోనీ ఇప్పుడు ఎవరితోనైనా..."

"లైసెన్సు కోసం పెట్టుకున్న పోట్లాట చెల్లదు. కిందటేడు ఒకాయన సంతలో రొయ్యలావిడ బుట్ట తన్ని వచ్చాడు. ఆవిడ సంతకమూ పెట్టింది. మేం టీ ఇచ్చి పంపేశాం."

నాకూ టీ ఇచ్చారు. పంపేయడానికి కాదని ఆయనే అన్నారు.

డెబ్బై మూడో రోజు

నాకు తెలిసినవాళ్ళ పేర్లన్నీ రాశాను. నలభై ఒక్కటి వచ్చాయి. పక్కన పోట్లాట అని ఒక గడి గీశాను. సాయంత్రానికి గడి మొత్తం ఖాళీ.

అమ్మ భుజం మీంచి చూసింది. "ఆరో తరగతిలో జడ విషయంలో నాతో పోట్లాడావు కదే."

"బంధువులు చెల్లరు."

"అయినా దాన్ని పోట్లాట అనకూడదులే. నువ్వు పోట్లాడవు. మొహం తిప్పుకుని పుస్తకం తీస్తావు. అవతలివాళ్ళకి ఇంకా మండుతుంది."

ఈ మాట మీద చాలాసేపు ఆలోచించాను. నాకు తెలియకుండానే ఎవరైనా నాతో పోట్లాడి ఉండవచ్చు.

డెబ్బై నాలుగో రోజు

అడగడం మొదలుపెట్టాను. నోటితో అడగలేక చీటీ రాసుకున్నాను. 'మీకు నా మీద ఎప్పుడైనా కోపం వచ్చిందా? దయచేసి నిజం చెప్పండి.'

లైబ్రేరియన్ గారు చదివి, "పుస్తకం ఏదైనా పోగొట్టావా?" అన్నారు. లేదన్నాను. "ఐతే లేదు" అన్నారు. బ్రెడ్డు కొట్టతను భయపడి రెండు బన్నులు ఎక్కువ ఇచ్చాడు. తిరిగి ఇచ్చేశాను. ఏడేళ్ళుగా మాకు చేపలిచ్చే ఆవిడ చీటీ తిప్పి చూసి, "నువ్వెవరమ్మా?" అంది.

డెబ్బై అయిదో రోజు

పరీక్ష. నలభైకి ముప్పై తొమ్మిది. పక్కపక్క తెప్పలు ఒరుసుకోకుండా మధ్యలో ఎన్ని టైర్లు కట్టాలి అన్నదానికి రెండు అని రాశాను. గవ్వలంకలో రెండే. ఏడుతెప్పల్లో మూడు.

"జాగ్రత్తపరులమండి" అన్నారు దొరబాబు గారు.

డెబ్బై ఆరో రోజు

పొద్దుటి బోటులో నేనొక్కదాన్నే ఉన్నాను. రూతు టిక్కెట్టు చించింది. చీటీ ఆమె చేతిలో పెట్టాను.

చదివింది. ఇంజను ఆపేసింది. బోటు నీళ్ళ మధ్యలో ఊగుతూ నిలబడింది.

"తొమ్మిదేళ్ళయ్యింది" అంది. "తొమ్మిదేళ్ళకి అడిగావు."

"ఏం చేశాను?"

"ఏం చేశావా? ఇద్దరం కలిసి వాదించాలి. స్కూళ్ళ మధ్య పోటీ. మొదటి సగం నాది, రెండో సగం నీది. స్టేజీ ఎక్కి నా సగం చెప్పి పక్కకు చూస్తే నువ్వు లేవు. మూడు బడుల పిల్లల ముందు సగం వాదనతో నిలబడ్డాను. గంట కొట్టేదాకా."

నాకు గుర్తుంది. ఆ రోజు లైబ్రరీలో అట్లాసుల బీరువా వెనక కూర్చున్నాను. రూతు ఒక్కత్తే నాకంటే బాగా చెప్తుందని అనుకున్నాను. అలా అనుకున్నానని ఆమెకు చెప్పలేదు. తరవాత ఆమె మొహం చూడలేక, నాకు గుర్తులేనట్టే ఉండిపోయాను. తొమ్మిదేళ్ళు.

"తప్పు చేశాను" అన్నాను.

"గట్టిగా చెప్పు. ఇంజను ఆపింది అందుకే."

గట్టిగా చెప్పాను. నీళ్ళ మీద కొంగ ఒకటి లేచిపోయింది.

రూతు పత్రం తీసుకుని స్టీరింగు మీద పెట్టి రాసింది. 'సిస్టర్ గారు సంజాయిషీ అడిగినప్పుడు తప్పు పూర్తిగా తనదేనని రాసిచ్చింది. నా మీదికి నెట్టలేదు. నాకు మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. ఈ రోజు చెప్పింది.'

"నీకు తెలియని పోట్లాట చెల్లుతుందా?" అని అడిగింది.

"ఒకవైపు నుంచి అయినా చెల్లుతుందట. నిన్న దొరబాబు గారిని అడిగాను."

"ముందే అడిగావా? నువ్వు మారలేదే" అని ఇంజను వేసింది. నవ్వుతోంది. పక్క నుంచి కనిపించింది.

డెబ్బై తొమ్మిదో రోజు

రెండో మనిషి పేరు నిద్రలేవగానే తట్టింది. పేరి సాంబమూర్తి గారు. మూడేళ్ళ క్రితం గవ్వలంక బార్ పరీక్షలో సాక్ష్యాల చట్టం పేపరు దిద్దింది ఆయనే. నాకు తొంభై ఒకటి వేశారు. ఏడో జవాబులో నేను సెక్షను నంబరు తప్పు రాశాను. ఒక మార్కు తీసేయాలి. తీసేయమని ఆయనకు ఉత్తరం రాశాను. నాలుగు పేజీలు. బదులు రాలేదు.

ఆయనకిప్పుడు డెబ్బై ఎనిమిదేళ్ళు. చీటీ చదివి, లోపలికి వెళ్ళి, నా ఉత్తరం తెచ్చారు. ఇస్త్రీ చేసినట్టు ఉంది. అంచుల నిండా ఎర్రసిరా.

"నలభై ఏళ్ళలో మార్కు కలపమన్నవాళ్ళని చూశాను. ఏడ్చినవాళ్ళని చూశాను. తగ్గించమన్నదాన్ని నిన్నే చూశాను. ఎంత పొగరు."

"పొగరు కాదండి. నంబరు తప్పు."

"తప్పు కాదు. పాత చట్టంలో ఆ నంబరే ఉండేది. నువ్వు పాత నంబరు రాశావు. నేను గుర్తుపట్టాను. మార్కు వేశాను."

"నేను పాత చట్టం చదవలేదండి. పొరపాటున రాశాను."

"పొరపాటున ఒప్పు రాసినా ఒప్పే."

"కాదండి."

"అవును."

గంటన్నర సాగింది. ఆయన భార్య సుందరమ్మ గారు మజ్జిగ తెచ్చి, "మూడేళ్ళ నుంచి ఈ ఉత్తరానికి గోడతో బదులు చెప్తున్నారు. వచ్చావు, బతికించావు" అన్నారు.

ఆయన పత్రంలో రాసింది: 'నా వెనక ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. నాకే రాసింది. ఈమె అభిప్రాయం ఇప్పటికీ తప్పు.' సంతకం పెట్టి, కింద తొంభై ఒకటి అని వేసి, గుండ్రంగా చుట్టారు.

ఒక్కటి మిగిలింది. పదకొండు రోజులున్నాయి.

ఎనభై రెండో రోజు

మూడో మనిషి దొరకలేదు. నలభై ఒక్క పేర్లూ అయిపోయాయి. అమ్మ తనకు తెలిసిన పేర్లు పదహారు కలిపింది. వాళ్ళందరూ నేను చాలా మంచిదాన్నన్నారు. ఇంత బాధగా ఎప్పుడూ అనిపించలేదు.

ఖాళీగా కూర్చోలేక రేవు కచేరీకి వెళ్ళి నూకరత్నం గారి వాంగ్మూలానికి ఆధారం వెతికాను. ఇరవై అయిదో రోజున పడవ తీసుకెళితే రేవు పుస్తకంలో ఉండాలి. లేదు. ముందురోజులు చూశాను. తరవాతి రోజులు చూశాను. లేదు.

పదకొండో రోజు కింద ఒక నమోదు ఉంది. 'కొల్లాటి నూకరత్నం, తెప్ప పేరు బంగారి. మునిగిపోయినట్టు చెప్పుకుని పదకొండోనాటి భోజనం పెట్టినది. తిన్నవారు నలభై ముగ్గురు.'

మా ఊరి ఆచారం ఇది. తెప్ప మునిగితే మనిషి పోయినట్టే లెక్క. పదకొండో రోజున చుట్టుపక్కలవాళ్ళకు అన్నం పెట్టి, ఇక అది లేదని చెప్పుకుంటారు.

అంటే ఆవిడ వెతకలేదు. మునిగిపోయిందనే అనుకున్నారు.

ఇంటికి వస్తూ దారిలో ఆగిపోయాను. వెతికానన్న అబద్ధంతో ఈ కేసు ఓడిపోతుంది. ఏడుతెప్పలవాళ్ళు మా రేవు పుస్తకం ఒక్కసారి తెరిస్తే చాలు. నిజం చెబితే గెలవవచ్చు. ముప్పై రోజుల నిబంధన వదిలేసుకున్నవాళ్ళ కోసం పెట్టింది. వదిలేసుకున్నదానికి ఎవరూ పదకొండోనాడు పెట్టరు.

ఎనభై నాలుగో రోజు

పొద్దున్న పది గంటలకు ఆవిడ చెల్లెలి తెప్పకు వెళ్ళాను. వీధి బల్లకూ తెప్పకూ మధ్య దాటుబల్ల వేసి ఉంది. దాని ఇవతలే నిలబడ్డాను. ఆవిడ గుమ్మంలో పీతల వల బాగుచేసుకుంటున్నారు. రేవు పుస్తకం సంగతి చెప్పాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి.

"అది సభలో సెప్తావా?"

"చెప్పాలండి."

"బతికున్నదానికి దినం పెట్టిన మనిషినని నలుగురూ నవ్వాలా? బంగారి అక్కడ కొండలా తేలుతుంటే ఇక్కడ నేను దాని పేరు మీద గారెలొండి పెట్టాను. ఆ సంగతి తల్సుకుంటే నాకు అన్నం దిగట్లేదు. నువ్వెళ్ళి మైకులో సెప్తావా?"

"మైకు ఉండదండి."

"ఎతికానని రాయి. రాశావుగా. అదే ఉంచు."

"ఉంచను."

ఉంచలేనండి అనాలనుకున్నాను. ఉంచను అని వచ్చింది.

"ఉంచవా? ఐతే నా వకాల్తా నీకొద్దు. ఎల్లు." లేచి వచ్చి దాటుబల్లను తన వైపుకు లాగేసుకున్నారు. మధ్యలో నాలుగడుగుల నీళ్ళు.

మామూలుగా అయితే ఇంటికి వచ్చి పుస్తకం తీసేదాన్ని. రూతు బోటు గుర్తొచ్చింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దూకాను. మోకాలు కొట్టుకుంది. లేచి నిలబడ్డాను.

"మీరు అబద్ధం చెప్తే బంగారి పోతుంది" అన్నాను. వీధిలో ఇద్దరు ఆగారు. నా గొంతు అంత దూరం వెళుతుందని నాకు తెలియదు. "నిజం చెప్తే నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎంతసేపు నవ్వుతారు? ఒక పూట. మీరు ఎవరింట్లో ఉంటారు తరవాత? చెల్లెలింట్లో ఎన్నాళ్ళు?"

"పెద్దంతరం సిన్నంతరం లేదేటే? నీకెన్నేళ్ళు?"

"ఇరవై ఆరు."

"నవ్వితే ఎంతసేపుంటాదో నీకేటి తెలుసే?"

"తొమ్మిదేళ్ళు ఉంటుంది. నాకు తెలుసు. ఐనా పరవాలేదు."

"పరవాలేదా? నీకు పరవాలేదు!"

"మీరు కావాలంటే ఇంకో వకీలుని పెట్టుకోండి. వాళ్ళు కూడా రేవు పుస్తకం చూస్తారు. చూడనివాళ్ళని పెట్టుకుంటే ఓడిపోతారు."

ఆవిడ వల నా వైపు విసిరారు. తడి వల. తీసి మడతపెట్టి గుమ్మం పక్కన పెట్టాను. ఇంకో పావుగంట అరుచుకున్నాం. అదంతా రాయను, అబద్ధం కాదు కానీ ఎక్కువ. ఆఖరికి ఆవిడ చెల్లెలు దాటుబల్ల వేసి, "ఇద్దరూ అలిసిపోయారు, ఇంక చాలు" అంది. వచ్చేశాను. టైం పదిన్నర.

అప్పటిదాకా ఆవిడ నన్ను లాయరమ్మా అనేవారు.

ఎనభై అయిదో రోజు

కేసు లేదు. మోకాలికి పసుపు రాసుకున్నాను.

ఎనభై ఆరో రోజు

కాగితాలు వెనక్కి తీసుకుందామని ఎనిమిదిన్నర బోటు ఎక్కాను. రూతుకు జరిగింది చెప్పాను. ఆమె మళ్ళీ ఇంజను ఆపింది. వెనక కూర్చున్న కూరగాయలావిడ విసుక్కుంది.

"చెప్పులు విప్పి దూకావా?"

"అవును."

"అరిచావా?"

"అవును."

"ఆవిడ నీకు చుట్టమా?"

"కాదు."

"వకీలా?"

"కాదు."

కూరగాయలావిడే అంది, "మూడోది దొరికింది కదమ్మా, ఇంక బోటు పోనీ."

బోట్లో అందరికీ తెలుసట. రూతు పది రోజులుగా అందర్నీ అడుగుతోందట, నాతో ఎవరైనా పోట్లాడారా అని.

ఎనభై ఏడో రోజు

గుమ్మంలో ఆవిడే ఉన్నారు. దాటుబల్ల వేసే ఉంది. నేను అడుగుపెట్టలేదు.

"మళ్ళీ ఎందుకొచ్చావే?"

పత్రం చూపించాను. మనం పోట్లాడామని సంతకం పెట్టాలని చెప్పాను. మీ కేసు కోసం అడగడం లేదు, అది మీ ఇష్టం, ఇది నా లైసెన్సు కోసం అన్నాను. పెట్టకపోయినా తప్పు లేదన్నాను.

"నేను తీసేసిన లాయరుకి నేను మంచిగా సెప్పాలా?"

"మంచిగా అక్కర్లేదండి. ఒకటే ప్రశ్న." చదివి వినిపించాను. పోట్లాటలో ఈ మనిషి ఏం చేయలేదు?

ఆవిడ చాలాసేపు వల అల్లారు. ఒక వరస పూర్తయింది.

"రాసుకో" అన్నారు. "నేను దాటుబల్ల లాగేత్తే ఎల్లిపోలేదు. నా ఇంటి మీద సెప్పులతో అడుగెట్టలేదు. అంత కోపంలోనూ ఇప్పి సేత్తో పట్టుకుంది. వల ఇసిరితే తిరిగి ఇసరలేదు. మడతెట్టింది. సరిగ్గా మడతెట్టలేదు, అదీ రాయి."

రాశాను. ఆవిడ సంతకం పెట్టారు.

"దినం సంగతి సెప్పుకో" అన్నారు, మొహం వల వైపు తిప్పుకుని. "సెప్తే మొత్తం సెప్పు. ఏమేటి వండానో కూడా సెప్పాలి. నవ్వేవోళ్ళు అదీ వినాలి. ఇంక నిన్ను మళ్ళీ..."

"ఆ మాట ఇప్పుడు అనకండి" అన్నాను. "లైసెన్సు వచ్చాక అనండి."

ఎనభై ఎనిమిదో రోజు

దొరబాబు గారు ఈ పుస్తకం మొదటి నుంచి చదివారు. రెండు టీలు పట్టింది. చేపలావిడ దగ్గర ఒకసారి నవ్వారు. రొయ్యలావిడ దగ్గర, "ఇది కూడా రాసేశారా" అన్నారు. తరవాత మూడో పత్రం మీద వేలు పెట్టారు.

"ఈవిడ మీ కక్షిదారు. మీకు లైసెన్సు వస్తే లాభపడేది ఈవిడే కదండీ?"

"సంతకం పెట్టినప్పుడు కాదండి. నన్ను తీసేశారు."

"ఎప్పుడు?"

"ఎనభై నాలుగో రోజు పదిన్నరకి."

"మళ్ళీ పెట్టుకున్నారా?"

"లేదండి. పెట్టుకుంటానని అనబోయారు. అది కూడా రాశాను."

నిబంధనల పుస్తకం తీశారు. ఆ పేజీ మూడుసార్లు చదివారు. పక్క బల్ల ఆవిడను పిలిచి చదివించారు.

"అనబోవడం ఇందులో లేదండి" అన్నారు, పుస్తకం మూసి.

ముద్ర వేశారు. ఏడుతెప్పల పదో వకీలును. ఊరి ఉమ్మడి ఆస్తిలో వాటా లేని మొదటిదాన్ని.

తొంభయ్యో రోజు

ఉదయం రేవు మెట్ల మీద నూకరత్నం గారు వకాల్తా మీద సంతకం పెట్టారు. పట్టుచీర కట్టుకొచ్చారు. "బంగారి సూత్తాది కదా" అన్నారు.

పీఠం మీద ముగ్గురు. మధ్యలో తలనెరిసిన పెద్దావిడ. ఊరి తరఫు వకీలు లేచి, ముప్పై రోజుల్లో వెతకలేదు కాబట్టి వదిలేసుకున్నట్టే అన్నారు. చట్టం డబ్బా అదే చదివింది. వదిలేసుకోవడమంటే ఇక వద్దనుకోవడం అని కూడా చదివింది. వద్దనుకున్నారో లేదో మనుషులు తేల్చుకోవాలంది.

నేను లేచాను. తెప్ప తిరిగి ఇవ్వమని అడిగాను. మొదటి రెండు వాక్యాలు ఎవరికీ వినపడలేదు.

"మొన్న నా మీద అరిసినట్టు అరిసి సెప్పు" అన్నారు నూకరత్నం గారు వెనక నుంచి.

కక్షిదారు నోరు విప్పినందుకు ఒక హెచ్చరిక నమోదైంది.

గట్టిగా చెప్పాను. వెతకలేదని చెప్పాను. మునిగిపోయిందనుకున్నారని చెప్పాను. పదకొండోనాడు పెట్టారని చెప్పి, మా రేవు పుస్తకం నకలు ఇచ్చాను. కొందరు నవ్వారు. ఆగాను. నవ్వు అయిపోయింది. తరవాత వంటలు చదివాను. మెత్తళ్ళ పులుసు. గోంగూర రొయ్యలు. ముద్దపప్పు, కొత్త ఆవకాయ. బెల్లం గారెలు. తిన్నవారు నలభై ముగ్గురు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం కావస్తోంది, అది కూడా కారణం కావచ్చు.

"గారెలు మనిషికెన్ని?" అని అడిగారు పెద్దావిడ.

వెనక్కి తిరిగి చూశాను. నూకరత్నం గారు నోరు విప్పకుండా మూడు వేళ్ళు చూపించారు.

"మూడండి."

పెద్దావిడ పక్కనున్న ఇద్దరి వైపూ చూశారు. "వద్దనుకున్న తెప్పకి ఎవరైనా మనిషికి మూడు గారెలు పెడతారా?"

ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. ఊరి తరఫు వకీలు కూడా ఊపి, మళ్ళీ గుర్తొచ్చి ఆపేశారు.

బంగారి తలుపుకు ఊరివాళ్ళు వేసిన సీలు తీసేశారు. నూకరత్నం గారు నీలం తలుపు మీద పీత బొమ్మను చేత్తో తుడిచారు. దానితో ఏదో మాట్లాడారు. నేను దూరంగా నిలబడ్డాను, అందుకని వినపడలేదు.

తొంభై ఒకటో రోజు

రూతు బోటు బంగారిని లాక్కొచ్చింది. గవ్వలంక సగం రేవులోనే ఉంది. సాంబమూర్తి గారు వచ్చి, సభలో చెప్పినదాంట్లో ఒక నంబరు తప్పని చెప్పి వెళ్ళారు. చూశాను. తప్పు కాదు. రేపు ఉత్తరం రాయాలి.

తాళ్ళు ఇంకా బిగించలేదు, దాటుబల్ల వేయలేదు. లోపల పొయ్యి మీద పీతల పులుసు మరుగుతోంది. గుమ్మంలో నూకరత్నం గారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు.

"ఏటే సూత్తావు? రా."

మధ్యలో నాలుగడుగుల పైనే ఉంది. అల కొడుతోంది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని దూకాను. ఈసారి మోకాలికి తగల్లేదు. రెండు పీతలు వేశారు, మూడోది నేను అడక్కుండానే.

పుస్తకంలో ఆఖరి గడి ఒక్కటే మిగిలింది. 'ఇందులో రాయకుండా వదిలినది ఏదైనా ఉంటే రాయండి.'

నాకు ఈత రాదు.